ఎలుకల యాదృచ్ఛికతా కమిటీ

మెదడు ఒత్తిడి పరిశోధనా కేంద్రంలో ఒత్తిడి అంటే ఏమిటో తెలియని ప్రాణులు ఇరవై నాలుగే ఉండేవి. అవి ఎలుకలు. మరో ఇరవై నాలుగు ఎలుకలకి రోజూ రెండు గంటలసేపు శాస్త్రోక్తంగా ఒత్తిడి పెట్టేవారు. ఒక్కోదాన్నీ కదలడానికి వీల్లేని గొట్టంలో దూర్చి, గోడ గడియారం చూసి, టైము కాగానే బయటికి తీసేవారు. అక్కడ పనిచేసే నూట పదహారు మంది మనుషులకి గొట్టాలు అవసరం పడలేదు. వాళ్లకి సర్క్యులర్లు సరిపోయేవి.

మూడు వారాలయ్యాక నలభై ఎనిమిది ఎలుకల ప్రాణాలూ తీశారు. ఒక్కో మెదడులోంచి కందిగింజంత ముక్క కోసి, అందులో ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో మిషను మీద కొలిచారు. ఒత్తిడి పడ్డ మెదడులో ఏ జన్యువులు గొంతు పెంచాయో, ఏవి నోరు మూసుకున్నాయో తెలిస్తే రేపు మనుషులకి మందు కనిపెట్టవచ్చని ఆశ. ఎలుకకి పద్దెనిమిది వేల జన్యువుల చొప్పున అంకెలన్నీ ఒక పెద్ద పట్టికగా మారి, గణాంక విభాగంలో కూర్చునే ఇందుమతి కంప్యూటర్లోకి వచ్చి పడ్డాయి.

గణాంక విభాగం అంటే ఇందుమతి ఒక్కతే. తణుకు అమ్మాయి, ముప్పై ఎనిమిదేళ్లు. తొమ్మిదేళ్ల కిందట ఆరు నెలల కాంట్రాక్టు మీద హైదరాబాదు వచ్చింది. అప్పటినుంచీ ఆ ఆరు నెలలే ఇంకా నడుస్తున్నాయి. లెక్క తప్పితే ఆమెకి అన్నం సయించదు. అంతకు మించి చెప్పుకోదగ్గ చెడ్డగుణాలేవీ లేవు.

ఆమె లెక్క కట్టింది. ఒత్తిడి ఎలుకలకీ, సుఖంగా బతికిన ఎలుకలకీ మధ్య ఆరువేల రెండు వందల పన్నెండు జన్యువుల్లో తేడా కనిపించింది.

డైరెక్టరు డాక్టర్ విశ్వంభరరావు గారు ఆ సంఖ్య వినగానే లేచి నిలబడ్డారు. విదేశాల్లో గొప్పగొప్ప ప్రయోగశాలలకి పదులూ వందలూ వస్తుంటే తమకి వేలల్లో రావడం జాతికే గర్వకారణమన్నారు. సాయంత్రానికల్లా గేటు మీద ఫ్లెక్సీ వెలిసింది. దాని మీద ఎడమపక్క మెదడు, కుడిపక్క డైరెక్టరు గారు, మధ్యలో బంగారు రంగులో 6212. ఎలుకలకి చోటు చాల్లేదు.

ఇందుమతికి మాత్రం ఆ సంఖ్య మింగుడుపడలేదు. అన్ని జన్యువులు ఒకేసారి మాట్లాడటం ఆమె ఎప్పుడూ చూడలేదు. మిషను దగ్గరి లాగ్ పుస్తకం తిరగేస్తే సంగతి తెలిసింది. మిషను ఒకసారికి ఇరవై నాలుగు నమూనాలే తీసుకుంటుంది. కేంద్రంలో భోజనం టోకెన్ల దగ్గరనుంచి స్కూటర్ల పార్కింగ్ దాకా అన్నీ వరుస నంబరు ప్రకారం జరగాలని నియమం కాబట్టి ఎలుకలు కూడా అలాగే వెళ్లాయి. ఒకటి నుంచి ఇరవై నాలుగు దాకా ఒత్తిడివి. అవి సోమవారం వెళ్లాయి. ఇరవై అయిదు నుంచి నలభై ఎనిమిది దాకా సుఖమైనవి. అవి గురువారం వెళ్లాయి. మధ్యలో బుధవారం నాడు రసాయనాల పాత డబ్బా అయిపోతే కొత్త డబ్బా తెరిచారు. గురువారం ఏసీ కూడా పనిచెయ్యలేదు.

ఆమె డైరెక్టరు గదికి వెళ్లి వీలైనంత తేలిగ్గా చెప్పింది. 'ఏ' సెక్షన్ పిల్లల పేపర్లన్నీ ఒక మాస్టారూ, బీ సెక్షన్ పేపర్లన్నీ ఇంకో మాస్టారూ దిద్దారనుకోండి, ఏ సెక్షనుకి మార్కులెక్కువ వస్తే పిల్లలు తెలివైనవాళ్లో, మాస్టారు మంచివాడో ఎలా తెలుస్తుందని అడిగింది.

"సోమవారానికీ గురువారానికీ అంత తేడా ఉంటుందా అమ్మా?" అన్నారు విశ్వంభరరావు గారు.

"డబ్బా మారితే ఉంటుంది సర్."

ఆయన కాసేపు ఆలోచించి, అలాగైతే అది కూడా ఒక ఆవిష్కరణే అవుతుంది కదా అన్నారు.

నివేదిక బయటికి పోవాలంటే దాని మీద గణాంక నిపుణురాలి సంతకం ఉండాలి. ఇందుమతి పెట్టనంది. డైరెక్టరు గారు కోప్పడలేదు. బల్ల మీదున్న రెండు ఫైళ్లని మెల్లగా దగ్గరికి జరిపారు. ఒకటి 6212 నివేదిక. రెండోది ఇందుమతి ఉద్యోగాన్ని పర్మనెంటు చేసే దస్త్రం, తొమ్మిదేళ్లలో మొదటిసారి ఆ బల్లదాకా వచ్చింది. రెండూ ఒకేసారి కదిలితే చూడముచ్చటగా ఉంటుందని ఆయన అభిప్రాయపడ్డారు.

ఫ్రీజర్లో ఒక్కో ఎలుక మెదడు ఇంకొక్కసారి కొలవడానికి సరిపడా మిగిలి ఉంది. ఒక్కసారికే. కొత్త ఎలుకలకి అనుమతి రాదు. ఆ మిగిలినదాన్ని ఈసారి కలగలిపి, యాదృచ్ఛిక వరుసలో కొలిస్తే నిజం తెలుస్తుందనీ, వచ్చింది ఎంతైనా దాని మీద సంతకం పెడతాననీ ఆమె అంది. నెలన్నరలో ఢిల్లీనుంచి ఉన్నతస్థాయి బృందం రాబోతోంది. 'పునర్ధ్రువీకరణ' అన్న మాట కరపత్రంలో బాగుంటుందనిపించి డైరెక్టరు గారు సరే అన్నారు. రెండోసారి కూడా ఆరువేలు వస్తాయనడంలో ఆయనకి అనుమానం లేదు.

ఇందుమతి నోటు రాసి పంపింది. నోటు పరిపాలనాధికారి ధర్మలింగం గారి దగ్గర ఆగింది.

ధర్మలింగం గారు చెడ్డవారు కాదు. ముప్పై ఏళ్ల సర్వీసులో పైసా ముట్టలేదు. ఆడిట్ అభ్యంతరం ఒక్కటీ తెచ్చుకోలేదు. కారణం రాయకుండా గుండుసూది కూడా కొనలేదు. ఆయన ఇందుమతిని పిలిపించి నోటులో ఒక మాట కింద ఎర్రగీత గీసి చూపించారు.

"యాదృచ్ఛికం అంటే ఏంటి మేడమ్?"

"ఏ ఎలుక ముందు, ఏది వెనక అని మనం నిర్ణయించకుండా వదిలెయ్యడం సార్."

"ఎవరికి వదిలెయ్యడం?"

"ఎవరికీ కాదు."

"ఎవరికీ కాదు అని ఫైల్లో ఎలా రాస్తాం? రేపు ఎవరో సమాచార హక్కు కింద అడుగుతారు, ముప్పై ఒకటో నంబరు ఎలుక ముందెందుకు వెళ్లింది, నాలుగో నంబరు ఏం పాపం చేసిందని. ఏం చెప్పమంటారు?"

"కారణం లేదని."

ధర్మలింగం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ముప్పై ఏళ్లలో ఆ గదిలో అంత మాట ఎవరూ అనలేదు.

మర్నాడు నోటు తిరిగొచ్చింది. 'కారణరహిత నిర్ణయము స్వేచ్ఛాచారముగా పరిగణింపబడును. కావున నలభై ఎనిమిది ఎలుకలకును వరుసలో కేటాయింపబడిన స్థానములకు విడివిడిగా కారణములు కనబరచుచు పట్టిక సమర్పించవలసినదిగా కోరడమైనది' అని దాని మీద ఉంది. ఇందుమతి పట్టిక గీసి, కారణం గడిలో నలభై ఎనిమిది సార్లు 'కంప్యూటర్ ఇచ్చిన సంఖ్య' అని రాసి పంపింది. కంప్యూటర్‌కు సదరు అధికారములు దఖలుపరచిన ఉత్తర్వు ప్రతిని జతపరచమని అదీ తిరిగొచ్చింది.

వరుస కూడా ఆయనకి నచ్చలేదు. అది ఏడు, ఎనిమిది, తొమ్మిది, నలభై ఒకటి అని మొదలైంది. మొదటి మూడూ పక్కపక్కనే ఉన్నాయనీ, ఇది యాదృచ్ఛికంగా లేదనీ, ఎవరో కావాలని పెట్టినట్టుందనీ అన్నారు. అవకాశానికి వదిలేస్తే అప్పుడప్పుడు అలా వస్తాయని ఇందుమతి చెప్పింది. రావచ్చు కానీ వచ్చినట్టు కనబడకూడదని ఆయన అన్నారు.

విషయం ఒక అధికారి స్థాయి దాటిందని గ్రహించి, డైరెక్టరు గారు అధ్యక్షులుగా, ధర్మలింగం గారు కన్వీనరుగా ఎలుకల యాదృచ్ఛికతా కమిటీ వేశారు. ఇందుమతిని ప్రత్యేక ఆహ్వానితురాలిగా వేశారు, అంటే అడిగితేనే మాట్లాడాలి. మొదటి సమావేశంలో మార్గదర్శకాలు ఖరారయ్యాయి. పక్కపక్క నంబర్లు పక్కపక్కన రాకూడదు. ఒకే బోనులో పెరిగిన ఎలుకలు వెంటవెంటనే వస్తే పక్షపాతం అనుకుంటారు కాబట్టి వాటి మధ్య కనీసం మూడు స్థానాల దూరం పాటించాలి. పోయినసారి ముందున్నవి ఈసారి కూడా ముందుండటం సబబు కాదు. అలాగని వాటిని వెనక్కి నెట్టడం సీనియారిటీని ఉల్లంఘించడం అవుతుంది. రెండో సమావేశానికి మార్గదర్శకాలు పదిహేడయ్యాయి. ఆ పదిహేడూ పాటించే వరుస ఏదీ లేదని ఇందుమతి ఒక రాత్రి నిద్రపోకుండా లెక్కకట్టి తెచ్చింది. కమిటీ ఆ కృషిని అభినందిస్తూ తీర్మానం చేసింది.

మూడో సమావేశంలో చీటీలు తీద్దామన్నారు. ఇందుమతికి ప్రాణం లేచొచ్చింది. కంప్యూటర్ అయితేనేం, కుండలో చీటీలైతేనేం, నిజంగా కలిపి తీస్తే చాలు. నలభై ఎనిమిది చీటీలు తనే కత్తిరించి, తనే మడిచి, మూతి చిన్నగా ఉన్న కుండ ఒకటి తెచ్చిపెట్టింది. అయితే అంతటి కార్యక్రమంలో పొరపాట్లు దొర్లకుండా ముందురోజు ఒక రిహార్సల్ ఉండాలని ధర్మలింగం గారు పట్టుబట్టారు. రిహార్సల్ చక్కగా జరిగింది. వచ్చిన వరుసని మినిట్స్ పుస్తకంలో రాసి అందరూ సంతకాలు పెట్టారు.

మర్నాడు వీడియో తీయిస్తూ జాయింట్ డైరెక్టరు గారి చేత అసలు చీటీలు తీయించారు. అవి ఇంకోలా వచ్చాయి. ధర్మలింగం గారు రెండు వరుసలూ పక్కపక్కన పెట్టుకుని చూసి ముఖం పాలిపోయి కూర్చున్నారు. కమిటీ ఆమోదించిన వరుసకీ దీనికీ నలభై ఆరు చోట్ల తేడా ఉంది. ఇందుమతి తను ఆహ్వానితురాలినన్న సంగతి మరిచిపోయి, ఒకేలా వస్తేనే అనుమానపడాలంది. ఆమె మాట మినిట్స్‌లోకి ఎక్కలేదు. నలభై ఆరు వ్యత్యాసాలకీ సంజాయిషీ కోరుతూ జాయింట్ డైరెక్టరు గారికి తాఖీదు వెళ్లింది. ఆయన నడుంనొప్పి అని పదిరోజులు సెలవు పెట్టారు.

ఢిల్లీ బృందం రావడానికి వారం మిగిలి ఉండగా ఆఖరి సమావేశం జరిగింది. ధర్మలింగం గారు ఆ రోజు ప్రశాంతంగా ఉన్నారు.

"మేడమ్, ఒక్క ప్రశ్న. యాదృచ్ఛికంగా తీస్తే ఏ వరుసైనా రావచ్చంటారు కదా?"

"రావచ్చు సార్."

"ఒకటి, రెండు, మూడు అని నలభై ఎనిమిది దాకా కూడా రావచ్చా?"

ఆయన తవ్విన గొయ్యి ఇందుమతికి కనిపించింది. అయినా లెక్క లెక్కే. "రావచ్చు. మిగతా ఏ వరుసకి ఎంత అవకాశం ఉందో దానికీ అంతే ఉంది. కానీ సార్..."

ఆ 'కానీ'కి ముందున్నదంతా రాసుకోమని ధర్మలింగం గారు స్టెనోకి చెప్పారు. అయిదు నిమిషాల్లో తీర్మానం తయారైంది. 'సాధ్యమగు యాదృచ్ఛిక వరుసలన్నింటిలోను కారణము చూపుటకు వీలైనది ఒకటి నుండి నలభై ఎనిమిది వరకు గల వరుస ఒక్కటే అగుటచేతను, అన్ని వరుసలకును సమాన అవకాశము కలదని గణాంక నిపుణురాలు స్వయముగా ధ్రువీకరించియుండుటచేతను, సదరు వరుసనే యాదృచ్ఛిక వరుసగా ఏకగ్రీవముగా ఆమోదించడమైనది.' డైరెక్టరు గారు చప్పట్లు కొట్టారు.

ఇందుమతికి ముందు ఏడుపొచ్చింది, తర్వాత కోపం వచ్చింది. తను చెప్పిన నిజాన్నే తాడుగా పేని తన మెడకి వేశారు. సోమవారం ఇరవై నాలుగు, గురువారం ఇరవై నాలుగు, మళ్లీ అదే. మిగిలిన కాస్త మెదడూ అయిపోతుంది. ఆ తర్వాత ఈ భూమ్మీద ఎవరూ ఆ ఆరువేలు అబద్ధమని నిరూపించలేరు. ఎవరెవరో ఆ జాబితా పట్టుకుని మందులు చేస్తారు. ఎవరెవరో మింగుతారు.

ఎలుకల గదివైపు నడిచింది. అక్కడ మల్లేశం ఖాళీ బోనులు కడుగుతున్నాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఎలుకలకి తిండీ నీళ్లూ చూసేది అతనే. ఆగస్టులో రిటైరవుతాడు. మెదళ్లు తీసిన రోజున అతను మధ్యాహ్నం భోజనం చెయ్యలేదని క్యాంటీన్లో అనుకున్నారు. ఏమైంది మేడం అని అడిగితే ఇందుమతి అంతా చెప్పింది. జన్యువుల సంగతి వదిలేసి, వరుస సంగతి చెప్పింది. అతను చేతులు తుడుచుకుంటూ విన్నాడు.

"నాకు గీ లెక్కలు తెల్వయి మేడం," అన్నాడు. "గని ఆ నలభై ఎనిమిదిట్ల ఒక్కటి గూడ నన్ను కరవలే. గొట్టంల వెట్టిననాడు గూడ కరవలే. గవి సచ్చినందుకు ఒక్క నిజమన్న తెల్వాలె గద."

అతనే మళ్లీ అడిగాడు. "ఇంతకు మీకు ఎట్ల వెడితే మంచిగైతది?"

"ఎట్లా అని నేను చెప్పకూడదు మల్లేశం గారూ. ఎవరూ చెప్పకూడదు. ఎవరి ఇష్టమూ లేకుండా ఎలా పడితే అలా ఉండాలి."

"ఎవ్వలు చెప్పొద్దు," అని మల్లేశం తనలో తాను ఒకసారి అనుకుని, మళ్లీ బోను కడగడంలో పడ్డాడు.

సోమవారం ఉదయం ఢిల్లీ బృందం దిగింది. బృందం నాయకుడికి శాలువా కప్పారు, పూలకుండీ ఇచ్చారు. పునర్ధ్రువీకరణ మహోత్సవానికి మిషను గది గడపకి అడ్డంగా రిబ్బను కట్టి, కింద కొత్త ఎర్ర తివాచీ పరిచారు. ఫ్రీజర్ గదినుంచి నమూనాల పళ్లెం మోసే బాధ్యత మల్లేశానిది. పళ్లెంలో రెండు ర్యాకులు, ఒక్కో ర్యాకులో ఇరవై నాలుగు కన్నాలు, ఒక్కో కన్నంలో చిటికెన వేలంత గొట్టం, గొట్టం మూత మీద చీమ తలకాయంత నంబరు. ఒకటి నుంచి నలభై ఎనిమిది దాకా అన్నీ సక్రమంగా ఉన్నాయని ధర్మలింగం గారు రెండుసార్లు సరిచూశారు. ముందు ఫోటోగ్రాఫరు, వెనక మల్లేశం, ఆ వెనక కమిటీ నడిచారు.

రిబ్బను కత్తిరించారు. తివాచీ అంచు దగ్గర మల్లేశం కాలు తడబడింది.

ఇరవై ఎనిమిదేళ్లలో అతని చేతిలోంచి నీళ్ల సీసా కూడా జారలేదు. పళ్లెం గాలిలో ఒక్క పల్టీ కొట్టింది. నలభై ఎనిమిది గొట్టాలూ నున్నటి గచ్చు మీద చెల్లాచెదురుగా దొర్లిపోయాయి. కొన్ని సోఫా కిందికి, కొన్ని బూట్ల మధ్యకి వెళ్లాయి. ఒకటి ముఖ్య అతిథి గారి పూలకుండీలో చేరింది. మూతలు గట్టివి కాబట్టి ఒక్కటీ ఊడలేదు.

పది నిమిషాలు దాటితే అన్నీ కరిగి పాడైపోతాయని ఇందుమతి గట్టిగా చెప్పింది. అది నిజమే. ఆ మాటతో కేంద్రం యావత్తూ మోకాళ్ల మీదికి వచ్చింది. డైరెక్టరు గారు సోఫా కింద చెయ్యిపెట్టి తడిమారు. జాయింట్ డైరెక్టరు గారు నడుంనొప్పి మరిచిపోయి బీరువా కిందికి దూరారు. ఢిల్లీ నాయకుడు శాలువా నడుముకి చుట్టుకుని చిన్నపిల్లాడిలా హుషారుగా ఏరారు. నంబరు చూసి పెట్టండి అని ధర్మలింగం గారు నెత్తీ నోరూ కొట్టుకుంటున్నారు కానీ, ఆ నంబరు కనబడే కళ్లు ఆ వయసువాళ్లలో ఎవరికీ లేవు. దొరికినవాళ్లు దొరికినట్టు తెచ్చి, ఖాళీగా కనబడ్డ కన్నంలో పెట్టేశారు. అయిదారు నిమిషాల్లో నలభై ఎనిమిదీ లెక్కకి వచ్చాయి.

ధర్మలింగం గారు వాటిని మళ్లీ వరుసలోకి సర్దడానికి కూర్చోబోయారు. ఢిల్లీ నాయకుడు తన ఫ్లైటుకి టైమవుతోందంటూ మొదటి ర్యాకుని మిషన్లో పెట్టి మీట నొక్కారు. రెండో ర్యాకుని గురువారం దాకా ఫ్రీజర్లో పెట్టాలి. ధర్మలింగం గారు ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ దానికి టేపు చుట్టి సీలు వేసి సంతకం చేసేశారు. చేశాక గుర్తొచ్చింది. కానీ వేసిన సీలు తియ్యాలంటే కమిటీ తీర్మానం కావాలి.

ఇందుమతి అప్పటికే నోటు పుస్తకంలో ఏ కన్నంలో ఏ నంబరుందో రాసుకుంది. పదకొండు, నలభై, మూడు, ఇరవై ఏడు... అంత మంచి వరుసని ఏ కంప్యూటరూ ఆమెకి ఇవ్వలేదు. మూడో పేజీ దగ్గర అక్షరాలు మసకబారితే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మధ్యాహ్నానికి మల్లేశానికి తాఖీదు వచ్చింది. కాలు తడబడుటకు గల కారణమును మూడు రోజులలో లిఖితపూర్వకముగా తెలుపనిచో పదవీ విరమణ ప్రయోజనములు నిలిపివేయబడునని అందులో ఉంది. తన లెక్క కోసం ఇంకొకరి పెన్షన్ పోతుందేమోనని భయపడి ఇందుమతి, ఆ వరుస కావాలని కోరింది తనేనని రాసిస్తానంది. మల్లేశం ఒప్పుకోలేదు. తనే ధర్మలింగం గారి ముందు నిలబడి కారణం ఏమీ లేదన్నాడు.

"కారణం లేకుండా కాలెలా తడబడుతుందయ్యా?"

"నాకేం తెల్సు సార్. గసొంటిదానికే గద మీరు కమిటీ ఏసింది."

ధర్మలింగం గారు విచారణకి సిద్ధమై కాయితాలు తెప్పించుకున్నారు. గొట్టాలు దొర్లించినందుకు మల్లేశాన్ని అడిగితే, వాటిని తప్పు కన్నాల్లో పెట్టినవాళ్లని కూడా అడగాలి. ఏ గొట్టం ఏ కన్నంలో ఎందుకు పెట్టారో డైరెక్టరు గారు, జాయింట్ డైరెక్టరు గారు, చివరికి ఢిల్లీ నాయకుడు కూడా విడివిడిగా కారణాలు రాసివ్వాలి. ఆయన ఒక పూటంతా ఆ దస్త్రాన్ని చూస్తూ కూర్చుని, దైవికం అని రాసి మూసేశారు. మల్లేశం పెన్షన్ బతికింది.

రెండో ర్యాకు గురువారం పూర్తయింది. శుక్రవారం అంకెలొచ్చాయి. ఇందుమతి లెక్క ఒకసారి కట్టింది, రెండుసార్లు కట్టింది, టీ తాగొచ్చి మూడోసారి కట్టింది. ఒత్తిడి ఎలుకలకీ, సుఖమైన ఎలుకలకీ మధ్య తేడా ఉన్న జన్యువులు తొమ్మిది. మొదటి ర్యాకుకీ, మళ్లీ డబ్బా మారాక వెళ్లిన రెండో ర్యాకుకీ మధ్య తేడా చూస్తే మాత్రం ఆరువేల పైచిలుకు వచ్చాయి. గేటు మీద బంగారు రంగులో మెరుస్తున్నవి ఎలుకల బాధలు కావు, సోమవారానికీ గురువారానికీ ఉన్న తేడాలు. ఆ తొమ్మిదే నిజం. తొమ్మిదీ ఒత్తిడికి కదలాల్సిన జన్యువులే, కదలాల్సిన వైపుకే కదిలాయి. ఇందుమతి కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు సంతోషంగా కూర్చుంది.

"తొమ్మిదా?" అన్నారు డైరెక్టరు గారు. కిటికీలోంచి ఫ్లెక్సీ వెనకవైపు కనిపిస్తోంది. పాత నివేదికే పంపుదామనీ, ఇది కాలు తడబడగా వచ్చిన సంఖ్య కాబట్టి పరిగణనలోకి రాదనీ చెప్పారు. ఆమె పర్మనెంటు దస్త్రం ఇంకా బల్ల మీదే ఉందని కూడా గుర్తుచేశారు.

"తెలుసు సర్," అంది ఇందుమతి. తొమ్మిది జన్యువుల నివేదిక కింద అక్కడే నిలబడి సంతకం పెట్టి, తీసుకెళ్లి ధర్మలింగం గారి బల్ల మీద పెట్టింది.

ఆయన నియమావళి తీసి మొదటినుంచి చివరిదాకా తిరగేశారు. నిపుణురాలు సంతకం చేసిన నివేదికని తీసుకోకుండా ఉండటానికి అందులో నియమమేదీ లేదు. తీసుకున్నదానికి నంబరు వెయ్యకుండా ఉండటానికీ లేదు. నంబరు పడ్డదాని ప్రతులు ఢిల్లీకీ, ఎలుకలకి అనుమతులిచ్చే జంతు సంక్షేమ సంఘానికీ పంపకుండా ఉండటానికి అసలే లేదు. నిట్టూర్చి నంబరు వేశారు. ప్రతులు ఆ సాయంత్రమే తపాలాలో వెళ్లిపోయాయి.

నాలుగో రోజున ధర్మలింగం గారు ఇందుమతిని పిలిచి ఒక కాయితం ఇచ్చారు. అందులో రెండే వాక్యాలున్నాయి. 'శ్రీమతి ఇందుమతి గారి కాంట్రాక్టు సేవలు నేటితో ముగింపబడినవి. ఇందుకు ఎట్టి కారణమును చూపవలసిన అవసరము లేదు.'

ఆమె రెండో వాక్యం మళ్లీ చదివింది. తొమ్మిదేళ్ల ఉద్యోగం పోయింది. అయినా నవ్వొచ్చింది.

"ఎలుకల వరుసకి కారణం లేదంటే నెలన్నరపాటు ఒక్కరూ నమ్మలేదు సార్. దీనికి కారణం లేదంటే నన్ను నమ్మమంటున్నారు."

ధర్మలింగం గారు తల ఎత్తలేదు. అది నమూనా పత్రంలో అచ్చువేసి ఉన్న వాక్యమనీ, తను రాసింది కాదనీ మెల్లగా చెప్పారు. కాయితం అందినట్టు సంతకం పెట్టమని రిజిస్టరు ఆమెవైపు తిప్పారు. పేరు, తేదీ, సంతకం, ఆఖరున రిమార్కులు. ఇందుమతి సంతకం పెట్టి, రిమార్కుల గడిలో 'కారణం: తొమ్మిది జన్యువులు' అని గుండ్రటి అక్షరాలతో రాసింది.

ధర్మలింగం గారు చదివారు. కొట్టెయ్యడానికి ఎర్ర పెన్ను తీశారు. రిజిస్టరులో కొట్టివేతలు నిషిద్ధం. ఎర్ర పెన్నుకి మూత పెట్టేసి, ఆ మాటల పక్కన పొట్టి సంతకం చేసి, తేదీ వేసి, కేంద్రం ముద్ర కొట్టారు.